పిల్లి రక్కిన సంగతి మరిచిపోయాక

1994 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అమెరికాలోని దక్షిణ ఫ్లోరిడాలో ఐదుగురు పిల్లలు ఫిట్స్‌తో ఆసుపత్రి పాలయ్యారు. అందరూ ఒకే ప్రాంతం వాళ్లు, అంతా దాదాపు ఆరు వారాల లోపే. జ్వరం ఎక్కువైనప్పుడు చిన్నపిల్లలకు వచ్చి రెండు నిమిషాల్లో సద్దుమణిగే ఫిట్స్ కావవి. మధ్యలో తెలివి రాకుండా ఒకదాని వెంట ఒకటిగా తరుముకొచ్చే ఫిట్స్. పిల్లలు కోమాలోకి జారారు. ఒకే చోట, ఒకే కాలంలో ఇంతమంది పిల్లలకు మెదడు జబ్బు వస్తే ఏ వైద్యుడైనా ముందు వైరస్‌ను, దోమను అనుమానిస్తాడు. రక్త పరీక్షల్లో బయటపడింది మాత్రం పిల్లుల రక్తంలో కాపురముండే ఒక బాక్టీరియా, బార్టొనెల్లా హెన్సెలే. ఐదుగురూ కోలుకున్నారు.

పిల్లి గోరు గీసుకున్నంత మాత్రాన ఇంత ప్రమాదమా అని భయపడాల్సిన పని లేదు. ఈ క్రిమి వల్ల వచ్చేదాన్ని పిల్లి గోళ్ల జబ్బు అంటారు. దాని మామూలు రూపం చాలా సాదాసీదాగా ఉంటుంది. రక్కిన చోట మూడు నుంచి పది రోజుల్లో చిన్న ఎర్రటి పొక్కు లేస్తుంది. దోమ కుట్టిందనుకుని ఎవరూ పట్టించుకోరు. ఆ తర్వాత ఒకటి నుంచి మూడు వారాల్లో గాయానికి దగ్గర్లో బిళ్ల కడుతుంది, అంటే చర్మం కింద లింఫు గ్రంథి వాస్తుంది. చేతి మీద రక్కితే చంకలోనో మోచేతి లోపలి వైపునో, ముఖం మీదైతే దవడ కిందో మెడలోనో, కాలి మీదైతే గజ్జలోనో. ముట్టుకుంటే నొప్పి, కొంచెం జ్వరం, నాలుగు రోజులు నీరసం. బిళ్ల రెండు నుంచి నాలుగు నెలల్లో దానంతట అదే కరిగిపోతుంది. పదిమందిలో ఒకరికి చీము పట్టవచ్చు. నూటికి ఎనభై అయిదు, తొంభై మంది పిల్లల్లో కథ ఇంతటితో ముగుస్తుంది.

అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2005 నుంచి 2013 వరకు బీమా లెక్కలు తిరగేసి వేసిన అంచనా ప్రకారం ఆ దేశంలో ఏటా సుమారు 12,000 మంది ఈ జబ్బుతో వైద్యుల దగ్గరకు వస్తున్నారు. దాదాపు 500 మంది ఆసుపత్రిలో చేరాల్సి వస్తోంది. అందరికంటే ఎక్కువగా తగిలేది 5 నుంచి 9 ఏళ్ల పిల్లలకు. ఆ వయసులో లక్షకు తొమ్మిది మంది పైచిలుకు. పిల్లికూనను ఒళ్లో కూర్చోబెట్టుకునేది, తోక లాగేది, దాని మూతికి మొహం ఆనించేది ఆ వయసు వాళ్లే మరి.

మిగిలిన పది, పదిహేను మంది సంగతే అసలు చిక్కు. వాళ్లలో కొందరికి కళ్లు మసకబారతాయి, కొందరికి వారాల తరబడి జ్వరం తగ్గదు, కొందరికి నడుము పట్టేస్తుంది, అరుదుగా ఒకరిద్దరికి ఫిట్స్ వస్తాయి. వైద్య గ్రంథాలు వీటన్నిటినీ 'అసాధారణ రూపాలు' అని ఒక మూటగా కట్టేస్తాయి. వీటిని ఆ మూట విప్పి తేదీల వారీగా పరిచి చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. రక్కిన రోజుకూ జబ్బు ముదిరిన రోజుకూ మధ్య ఎప్పుడూ కొన్ని వారాల ఎడం ఉంటుంది. పొక్కుకు వారం, బిళ్లకు ఇంకో రెండు వారాలు, మెదడుకో కంటికో చేరేసరికి మరికొంత కాలం. పిల్లవాడు పెద్దాసుపత్రి మెట్లెక్కే నాటికి చర్మం మీద గీత ఉండదు, పొక్కు ఉండదు, పిల్లి సంగతి ఎవరికీ గుర్తుండదు. జబ్బు వింతగా అనిపించడానికి సగం కారణం ఈ మరుపే.

ఈ క్రిమి పిల్లి గోటిలో పుట్టదు. పిల్లి బొచ్చులో తిరిగే, రెక్కల్లేని, గెంతే పురుగు ఒకటుంది. పెంపుడు జంతువుల మందుల షాపుల్లో దాన్ని ఫ్లీ అంటారు. అది జబ్బున్న పిల్లి రక్తం తాగి, క్రిములతో నిండిన రెట్టను బొచ్చు మీద వదులుతుంది. పిల్లి ఒళ్లు గోక్కుంటుంది, నాలుకతో నాకుతుంది. ఆ రెట్ట గోళ్ల సందుల్లో చేరుతుంది. ఆ గోళ్లతో రక్కినప్పుడు క్రిమి మనిషి చర్మం లోపలికి దిగుతుంది. 1996లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు జబ్బున్న పిల్లుల మీది ఫ్లీలను తెచ్చి ఆరోగ్యంగా ఉన్న పిల్లికూనల మీద వదిలితే కూనలకు జబ్బు అంటుకుంది. ఫ్లీలు లేకుండా ఒకే బోనులో కలిపి ఉంచితే అంటుకోలేదు. అంటే పిల్లి మోసేది మాత్రమే, పంచిపెట్టేది ఫ్లీ.

ఇంట్లో పిల్లికి ఈ పురుగు పట్టిందో లేదో చూడడానికి ప్రయోగశాల అక్కర్లేదు. తెల్ల కాగితం పరిచి, దాని మీద పిల్లిని నిలబెట్టి, పేల దువ్వెనతో తోక మొదట్లోనూ మెడ వెనకా దువ్వితే మిరియాల పొడిలాంటి నల్లటి నలుసులు రాలతాయి. మట్టేమో అనిపిస్తుంది. ఆ నలుసుల మీద రెండు చుక్కలు నీళ్లు వేయాలి. మట్టయితే అలాగే నల్లగా, బూడిదరంగుగా ఉంటుంది. ఫ్లీ రెట్ట అయితే చుట్టూ తుప్పు రంగు ఎరుపు మెల్లగా పాకుతుంది. అది పిల్లి నెత్తురే, పురుగు తాగి వదిలింది.

పిల్లికి మాత్రం దాదాపుగా ఏ లక్షణమూ ఉండదు. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో 61 పిల్లుల రక్తం పరీక్షిస్తే 25 పిల్లుల్లో ఈ క్రిమి బతికి ఉంది. అంటే నూటికి 41. అవన్నీ చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న పిల్లులే. ఏడాది లోపు కూనల్లో క్రిములు మరీ ఎక్కువగా ఉంటాయి. పైగా కూనకు గోళ్లు ముడుచుకుని ఆడటం ఇంకా రాదు. అందుకే ఈ జబ్బు ముందువెనకలు తవ్వితే చాలాసార్లు కొత్తగా ఇంటికొచ్చిన పిల్లికూన దగ్గర తేలుతుంది.

పిల్లిలో ఈ బాక్టీరియా ఎర్ర రక్తకణాల్లో దాక్కుంటుంది. మనిషిలో దానికి నచ్చిన చోటు రక్తనాళాల లోపలి పొర. ఒంట్లో నాళాలు లేని అవయవం లేదు కనుక, దగ్గరి బిళ్లలో ఆగకుండా రక్తంలోకి జారిన క్రిమి ఎక్కడైనా దిగగలదు. కాలేయం, ప్లీహం, వెన్నుపూస, కంటి నరం, గుండె కవాటం, అన్నీ అందుబాటులోనే. రోగనిరోధక శక్తి బాగున్న పిల్లల్లో శరీరం ఆ క్రిమి చుట్టూ కణాల గోడ కట్టి బంధిస్తుంది. సూక్ష్మదర్శిని కింద కనిపించే ఈ ముద్దలనే గ్రాన్యులోమాలంటారు. హెచ్‌ఐవీ ముదిరినవాళ్లలో, అవయవ మార్పిడి మందులు వాడేవాళ్లలో ఆ గోడ లేవదు. వాళ్లలో నాళాలే విచ్చలవిడిగా పెరిగి చర్మం మీద ఎర్రటి బుడిపెలుగా తేలతాయి. అది పూర్తిగా వేరే రూపం, ప్రాణాంతకం కూడా. ఇక్కడ చెప్పుకుంటున్నది ఆరోగ్యంగా ఆడుకుంటున్న పిల్లల సంగతి.

మెదడు జబ్బుతో మొదలుపెడితే, తల్లిదండ్రులకు ఇంతకంటే భయంకరమైన రోజు ఉండదు. బిళ్ల కట్టి కొద్ది వారాలైన, అప్పటిదాకా బడికి వెళ్తున్న పిల్లకు హఠాత్తుగా ఫిట్స్ వస్తాయి. లేదా మాట తడబడుతుంది, మనుషుల్ని గుర్తుపట్టదు, పట్టుకోబోతే తోసేస్తుంది, కొడుతుంది. జ్వరం ఉండవచ్చు, లేకపోనూవచ్చు. వెన్నులోంచి నీరు తీసి చూస్తే చాలాసార్లు మామూలుగానే ఉంటుంది, లేదా కాస్త తేడా. తలకు తీసిన స్కాన్‌లోనూ పెద్దగా ఏమీ కనిపించదు. పిల్ల పరిస్థితి అంత దారుణంగా ఉండి పరీక్షలు ఇంత ప్రశాంతంగా ఉండటమే ఈ రూపంలోని వింత. 1991లో అమెరికా వైద్యులిద్దరు నాడీ సంబంధ లక్షణాలున్న 76 మంది రోగుల వివరాలు ప్రచురించారు. దాదాపు సగం మందికి ఫిట్స్ వచ్చాయి. నూటికి నలభై మంది దాకా తిరగబడే ప్రవర్తన చూపారు. అయినా ఎక్కువమంది పన్నెండు వారాల లోపు, మిగిలినవాళ్లు ఏడాది లోపు కోలుకున్నారు. మెదడువాపు పేరుతో వచ్చే జబ్బుల్లో ఇంత మంచి ముగింపు ఉన్నవి అరుదు. ఐసీయూ తలుపు బయట నిలబడ్డ అమ్మానాన్నలకు ఈ ఒక్క మాట చెప్పగలగడం చిన్న విషయం కాదు. అలా చెప్పాలంటే చంకలో చేయి పెట్టి బిళ్ల కోసం వెతికినవాళ్లు ఒకరుండాలి.

కంటి రూపం దీనికి పూర్తి భిన్నం. నొప్పి ఉండదు, హడావుడి ఉండదు. పదిహేనేళ్ల కుర్రాడు ఒక రోజు ఒక కన్ను మూసుకుని రెండో కంటితో చూస్తే నల్లబల్ల మధ్యలో మసక కనిపిస్తుంది. ఎక్కువగా ఒక కంటికే వస్తుంది కాబట్టి, రెండు కళ్లూ తెరిచి చూసినంతకాలం తేడా తెలియకపోవచ్చు. దీన్ని న్యూరోరెటినైటిస్ అంటారు. పిల్లి గోళ్ల జబ్బు వచ్చినవాళ్లలో నూటికి ఒకరిద్దరికి ఇది వస్తుంది. కంటిలోకి లైటు వేసి చూసిన వైద్యుడికి మొదట కంటి నరం మొదలు ఉబ్బి, అంచులు చెదిరి కనిపిస్తుంది. అంతవరకు చూసి మెదడులో ఒత్తిడి పెరిగిందనో, నరం వాచిందనో అనుకోవడం సహజం. ఒకటి రెండు వారాలు గడిచాక అసలు గుర్తు బయటపడుతుంది. నరం దగ్గర నాళాల నుంచి కారిన ద్రవం కంటి వెనక తెర అయిన రెటీనా పొరల్లోకి పాకుతుంది. నీరు ఇంకిపోయాక అందులోని కొవ్వు మిగిలిపోయి, చూపుకు కేంద్రమైన మాక్యులా చుట్టూ పసుపు గీతలుగా పేరుకుంటుంది. అక్కడి నరాల పోగులు మధ్య నుంచి అన్ని వైపులకూ విచ్చుకుని ఉంటాయి కనుక కొవ్వు కూడా ఆ బాటలోనే సర్దుకుని నక్షత్రంలా మెరుస్తుంది. జర్మన్ కంటి వైద్యుడు థియోడోర్ లేబర్ 1916లో ఈ నక్షత్రాన్ని వర్ణించి, మాక్యులాలోనే జబ్బు పుట్టిందనుకున్నాడు. నరం వాపే ముందు వస్తుందని 1977లో అమెరికా కంటి వైద్యుడు డొనాల్డ్ గాస్ సరిదిద్దాడు. పిల్లితో దీనికి సంబంధముందని అర్థమయ్యేసరికి ఇంకా కాలం పట్టింది.

ఇక్కడా తేదీలే కీలకం. నక్షత్రం రాకముందు చూసిన వైద్యుడికి ఒక జబ్బు, వచ్చాక చూసిన వైద్యుడికి మరో జబ్బు కనిపిస్తుంది. అందుకే నరం వాచిన కుర్రాణ్ణి పది, పదిహేను రోజుల తర్వాత మళ్లీ రమ్మని చూడటం ఏ ఖరీదైన స్కానుకూ తీసిపోని పరీక్ష. చూపు ఎక్కువమందికి వారాల్లో, నెలల్లో తిరిగొస్తుంది. రంగుల తేడా కొందరికి కొంచెం మిగులుతుంది.

మన వైపు పాఠకులకు అన్నిటికంటే దగ్గరగా తగిలేది మాత్రం జ్వరం రూపం. పదిహేను రోజులుగా, నెలగా జ్వరం. సాయంత్రానికి పెరుగుతుంది, పారాసెటమాల్ వేస్తే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. బొడ్డు చుట్టూనో పక్కటెముకల కిందో కడుపు నొప్పి. తిండి సయించదు, బరువు తగ్గుతుంది. బిళ్లలు ఉండకపోవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి పిల్లవాడికి వరసగా ఏ పరీక్షలు జరుగుతాయో అందరికీ తెలుసు. మలేరియా, డెంగీ, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్, ఆ తర్వాత టీబీ, చివరికి భయం భయంగా క్యాన్సర్. ఆ వరస తప్పు కాదు. ఇక్కడ ఎక్కువగా ఉండేవి ఆ జబ్బులే. అవి ఒక్కొక్కటీ కాదని తేలాక తీసిన కడుపు స్కాన్‌లో కాలేయంలోనో ప్లీహంలోనో చిన్న చిన్న నల్లటి మచ్చలు కనిపిస్తే, లివర్ పరీక్షలు మామూలుగా ఉండి, ఒంట్లో వాపును చూపే ఈఎస్‌ఆర్ రక్త పరీక్ష అంకె మాత్రం బాగా పెరిగి ఉంటే, అక్కడ పిల్లి గురించి అడగాలి. అమెరికాలోని ఆర్కన్సాలో దీర్ఘకాలం జ్వరంతో వచ్చిన 146 మంది పిల్లలను పరిశీలించి 1998లో ప్రచురించిన అధ్యయనంలో, కారణం తేలిన జబ్బుల్లో ఈ బాక్టీరియాది మూడో స్థానం. ఆ సంఖ్య ఆర్కన్సాది, అనంతపురానిది కాదు. ఇక్కడ దాన్ని అలాగే దిగుమతి చేసుకోకూడదు. కాకపోతే, అంతుపట్టని జ్వరాల జాబితాలో ఈ పేరు అసలు లేకపోవడం వేరు, అట్టడుగున ఉండటం వేరు.

ఎముకల రూపం వెన్నుపూసలనూ కటి ఎముకలనూ ఎక్కువగా పడుతుంది. నడుము నొప్పితో, కుంటుతూ నడిచే పిల్లవాడికి ఎంఆర్‌ఐ తీస్తే ఎముక తిన్నట్టు కనిపిస్తుంది. వెన్నుపూస టీబీ బాగా తెలిసిన మన వైద్యులకు మరో పేరు తట్టడం కష్టం. ఇవి కాక కాళ్ల మీద నొప్పితో కూడిన ఎర్రటి గడ్డలు, ప్లేట్‌లెట్లు పడిపోవడం, కీళ్ల నొప్పులు కూడా నమోదయ్యాయి. పుట్టుకతో గుండెలో లోపముండి ఆపరేషన్‌లో కృత్రిమ కవాటమో గొట్టమో అమర్చిన పిల్లల్లో ఈ క్రిమి అక్కడ తిష్ట వేయగలదు. రక్తంలోని క్రిమిని ప్రయోగశాలలో పెంచి చూసే మామూలు కల్చర్ పరీక్షలో దొరకదు. అలాంటి బిడ్డకు వదలని జ్వరం వస్తే గుండె వైద్యుడికి ఇంట్లో పిల్లి ఉందన్న సంగతి తప్పకుండా చెప్పాలి.

పిల్లి మూతి కంటికి తగిలినా, పిల్లిని నిమిరిన చేత్తో కన్ను నలుపుకున్నా వచ్చే రూపం ఒకటుంది. కన్ను ఎర్రబడి, రెప్ప లోపల చిన్న కురుపు లేచి, అదే వైపు చెవి ముందు బిళ్ల కడుతుంది. నిజానికి ఈ జబ్బులో వైద్యుల కంటికి మొదట పడింది ఈ రూపమే. ఫ్రెంచ్ వైద్యుడు ఆంరీ పారినో 1889లోనే దీన్ని వర్ణించి, జంతువుల నుంచి వచ్చిందని అన్నాడు. మామూలు కళ్లకలకలో చెవి ముందు ఇంత పెద్ద బిళ్ల ఉండదు, రెండు కళ్లూ ఎర్రబడతాయి. ఆ తేడా ఇంట్లో అమ్మలు కూడా గమనించగలరు.

టీబీతో తికమక ఈ జబ్బుకు పుట్టుకతో వచ్చింది. పారిస్ పిల్లల వైద్యుడు రోబేర్ డెబ్రే 1931లో ఒక పదేళ్ల అబ్బాయిని చూశాడు. మోచేతి దగ్గర బిళ్ల కట్టి చీము పట్టింది. ఆ రోజుల్లో అలాంటి బిళ్లంటే టీబీయే. పరీక్షలు మాత్రం కాదన్నాయి. అబ్బాయి చేతుల నిండా పిల్లి గీతలు. డెబ్రే ఆ గీతలను మరిచిపోలేదు. అలాంటి మరికొందరిని చూసి, 1950లో సహచరులతో కలిసి 'పిల్లి గోళ్ల జబ్బు' అని పేరు పెట్టి ప్రకటించాడు. ఈ జబ్బు కథ మొత్తంలో పరికరం ఏదీ చేయని పని ఒక డాక్టరు చూపు చేసింది.

మన దగ్గర చిక్కు అంతకంటే లోతైనది. మెడలో, చంకలో నెలల తరబడి బిళ్ల ఉన్న పిల్లవాడికి సూదితో కణాలు తీసి పరీక్ష చేయిస్తారు. రిపోర్టులో గ్రాన్యులోమా అని వస్తుంది. గ్రాన్యులోమా అంటే గండమాల, అంటే టీబీ అన్న లెక్క వైద్యుల మనసుల్లో పాతుకుపోయింది. దేశంలో టీబీ భారం చూస్తే ఆ లెక్కకు ఆధారం లేకపోలేదు. అయితే ఈ బాక్టీరియా కూడా గ్రాన్యులోమానే కడుతుంది. దాని మధ్యలో చీము కణాలతో నక్షత్రం ఆకారపు గుంట ఉంటుంది. టీబీలో అయితే జున్నులాంటి ముద్ద ఉంటుంది. మంచి ముక్క దొరికితే, దాన్ని సూక్ష్మదర్శిని కింద చూసే పెథాలజిస్టు తేడా పట్టగలడు. సూది మొనకు వచ్చిన నాలుగు కణాల్లో అది దొరక్కపోవచ్చు.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. టీబీ అని ఆరు నెలల మందులు మొదలుపెడతారు. రెండు నెలల్లో బిళ్ల తగ్గుతుంది. మందుకు లొంగింది కాబట్టి టీబీయే అని అందరూ నిశ్చింతగా ఉంటారు. ఆ కోర్సులోని రిఫాంపిసిన్ బార్టొనెల్లా మీద కూడా పనిచేసే మందే. పైగా ఏ మందూ వాడకపోయినా ఆ బిళ్ల ఆ వ్యవధిలోనే కరిగేది. తగ్గడాన్ని బట్టి జబ్బు పేరు నిర్ధారించడం ఈ ఒక్క చోట నమ్మదగిన పద్ధతి కాదు. ఈ కారణంగానే మన దగ్గర ఎన్ని బిళ్లలు పిల్లివో ఎన్ని టీబీవో లెక్క తేలడం కష్టం. భారతీయ వైద్య పత్రికల్లో ఈ జబ్బు అడపాదడపా ఒక్కొక్క కేసుగానే కనిపిస్తుంది. ఇది చదివి టీబీ మందులు వాడుతున్నవాళ్లు ఎవరూ సొంతంగా ఆపకూడదు. టీబీ అని జన్యు పరీక్షలోనో కల్చర్‌లోనో తేలితే అది టీబీయే, కోర్సు పూర్తి చేయాల్సిందే. సందేహానికి చోటున్నది ఆ పరీక్షల్లో క్రిమి దొరక్క, గ్రాన్యులోమా అన్న ఒక్క మాట మీద మందులు మొదలైన పిల్లల విషయంలోనే. అందులోనూ పిల్లి ఉన్న ఇళ్లలోనే.

క్రిమిని పట్టుకోవడానికి శాస్త్రానికే వందేళ్లు పట్టిందంటే వైద్యుణ్ణి తప్పుపట్టలేం. 1983లో అమెరికా సైనిక పెథాలజీ సంస్థలో బిళ్ల ముక్కలకు వెండి రంగు పట్టించి చూస్తే నల్లటి చిన్న కడ్డీల్లా క్రిములు మొదటిసారి కనిపించాయి. తర్వాత కొన్నేళ్లకు ఒక క్రిమిని పెంచగలిగి, ఇదే కారణమని నమ్మి 1991లో అఫిపియా ఫెలిస్ అని పేరు కూడా పెట్టారు. అది తప్పుదారి. 1992లో వ్యాధి నియంత్రణ కేంద్రం వాళ్లు రోగుల రక్తంలో మరో క్రిమికి ప్రతిరక్షకాలు, అంటే దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకున్న పదార్థాలు, ఉన్నాయని చూపించాక కథ మలుపు తిరిగింది. ఆ క్రిమికి పెట్టిన హెన్సెలే అన్న పేరు, ఓక్లహోమా ప్రయోగశాలలో దాన్ని వేరుచేయడంలో పాలుపంచుకున్న టెక్నాలజిస్టు డయాన్ హెన్సెల్‌ది. క్రిములకు ప్రొఫెసర్ల పేర్లే పెట్టే లోకంలో ల్యాబులో పనిచేసే మనిషి పేరు నిలవడం సంతోషించాల్సిన విషయం.

ఇప్పటికీ కల్చర్ మీద ఆధారపడలేం. ఈ బాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ఆరు వారాల దాకా పట్టవచ్చు. అందుకే రక్తంలో ప్రతిరక్షకాల పరీక్షే ప్రధానం. రక్తాన్ని ఎన్ని రెట్లు పలచన చేసినా ఐజీజీ అనే రకం ప్రతిరక్షకాలు ఇంకా కనిపిస్తున్నాయో ఇందులో చూస్తారు. ఆ స్థాయి 1:64 కంటే తక్కువైతే ఈ జబ్బు ఇప్పుడు ఉండే అవకాశం తక్కువ. 1:256 దాటితే అనుమానం బలపడుతుంది. మధ్యలో ఉంటే పది, పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ చేసి పెరిగిందేమో చూస్తారు. పిల్లులతో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో పాత ప్రతిరక్షకాలు మిగిలి ఉండవచ్చు కనుక, పరీక్ష ఫలితాన్ని పిల్లవాడి లక్షణాలతో కలిపి చదవాలి. బిళ్ల ముక్కలో క్రిమి జన్యువును వెతికే పీసీఆర్ పరీక్ష చేయగలిగితే మరింత గట్టి ఆధారం.

మామూలు బిళ్లకు చాలామందిలో మందే అవసరం లేదు. 1998లో ప్రచురితమైన ఒక చిన్న ప్రయోగంలో 29 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు అజిత్రోమైసిన్ ఐదు రోజులు, రెండో జట్టుకు ఉత్తుత్తి మందు ఇచ్చారు. నెల రోజుల్లో బిళ్ల పరిమాణం నూటికి ఎనభై వంతులు తగ్గినవాళ్లు మొదటి జట్టులో 14 మందికి ఏడుగురు, రెండో జట్టులో 15 మందికి ఒక్కరు. ఆ తర్వాత రెండు జట్లకీ పెద్ద తేడా లేదు. అంటే మందు దారిని కాస్త దగ్గర చేస్తుంది, అంతే. కన్ను, కాలేయం, మెదడు రూపాల్లో రిఫాంపిసిన్‌ను మరో యాంటీబయాటిక్‌తో కలిపి వారాల తరబడి ఇవ్వడం వాడుకలో ఉంది. కంటికి డాక్సీసైక్లిన్‌తో కలిపి నాలుగు నుంచి ఆరు వారాలు ఇస్తారు. ఈ రూపాలకు పెద్ద ప్రయోగాల ఆధారం లేదు, అనుభవమే ఆధారం. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పవచ్చు. చీము పట్టిన బిళ్లను కత్తితో కోయించకూడదు. కోస్తే మానని రంధ్రం మిగిలి నెలల తరబడి కారుతుంది. నొప్పి ఎక్కువైతే సూదితో చీము లాగితే సరిపోతుంది.

పిల్లి రక్కిన రోజున చేయాల్సిన పని మన దేశంలో బార్టొనెల్లా కోసం కాదు, రేబిస్ కోసం. పసుపు అద్ది ఊరుకోవడం ప్రమాదం. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు వెళ్లాలి. నెత్తురు రాని గీతకైనా టీకా కావాలి. నెత్తురు వస్తే దాంతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌కు ముందే తయారైన ప్రతిరక్షకాల మందు) కూడా వేస్తారు. అలా వెళ్తే ఇంకో మేలు కూడా జరుగుతుంది. టీకా కార్డు మీద రక్కిన తేదీ పడుతుంది.

పిల్లిని ఇంట్లోంచి తరిమేయాల్సిన పని లేదు. గోళ్లు తీయించాల్సిన పనీ లేదు. ఈ జబ్బు ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి అంటదు. పశువైద్యుడు చెప్పిన ఫ్లీ మందు నెలనెలా వేయడం, కూన గోళ్ల కొసలు కత్తిరించడం, పిల్లలు దాన్ని చేతులతో కాకుండా తాడుతోనో బంతితోనో ఆడించేలా చూడటం చాలు. నిరోధక శక్తి తగ్గినవాళ్లున్న ఇంట్లో పెంచుకోవాలనుకుంటే ఏడాది దాటిన, ఫ్లీలు లేని పిల్లిని తెచ్చుకోవడం మంచిది.

మూడు వారాల జ్వరంతో వచ్చిన పిల్లవాడి అమ్మను పిల్లి ఎప్పుడు రక్కిందని అడిగితే, రక్కలేదనే చెబుతుంది. నిజంగా గుర్తుండదు. పిల్లవాడు తిడతారని చెప్పకపోయి ఉండవచ్చు. ఆ కూన వీధిది, పక్కింటిది, ట్యూషన్ మాస్టారి ఇంటిది కావచ్చు. ప్రశ్న మార్చి, ఈ రెండు మూడు నెలల్లో కూన దేన్నైనా ఎత్తుకున్నాడా అని అడిగితే జవాబు ఎక్కువసార్లు ఫోన్‌లోనే ఉంటుంది. గ్యాలరీలో వెనక్కి జరుపుకుంటూ పోతే ఒక చోట పిల్లవాడు నవ్వుతూ పిల్లికూనను గుండెకు హత్తుకుని ఉంటాడు. ఫొటో పైన తేదీ ఉంటుంది.